వాము నూనె ధరకు మూలం థైమాల్ శాతం

కర్నూలు మార్కెట్ యార్డులో వాము బేరం కుదిరే ముందు ఖరీదుదారు గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి వాసన చూస్తాడు. గింజ రంగు, నిండుదనం, మట్టి, పుల్లలు, తేమ గమనించి ధర చెబుతాడు. వంటకూ, మసాలాకూ పోయే సరుకుకు యీ పరీక్ష చాలు. అదే గింజ బట్టీకి పోయి నూనెగా మారిన తర్వాత బేరం పద్ధతి మారిపోతుంది. అక్కడ కొనేవారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: థైమాల్ ఎంత? ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు చూపలేని సరుకు, ఎంత ఘాటుగా వున్నా, మందుల కంపెనీ గుమ్మం నుంచి వెనక్కు రావచ్చు.

యిందుకు కారణం వున్నది. వాము నూనెను కొనేవారిలో అధికులు దానిని సువాసన కోసం కొనరు. సూక్ష్మజీవులను అణచే గుణం కోసం కొంటారు. ఆ గుణం నూనె మొత్తంలో సమానంగా పంచబడి వుండదు. నూనెలోని ఒక భాగంలోనే అది ప్రధానంగా వుంటుంది. ఆ భాగం శాతాన్ని బట్టి నూనె పని, పనిని బట్టి ధర నిర్ణయమవుతాయి. యీ సంబంధం తెలియక వాసనను నమ్మి సరుకు కొన్న వర్తకుడు నష్టపోయే అవకాశం యెక్కువ.

నూనెలో ఏమేమి వున్నవి

వాము మొక్కకు శాస్త్ర నామం ట్రాకీస్పెర్మమ్ అమ్మి. జీలకర్ర, ధనియాలు, సోపు కుటుంబానికి చెందినదే. గుజరాత్‌లో జామ్‌నగర్, మధ్యప్రదేశ్‌లో నీమచ్ దీనికి పేరుపొందిన బజార్లు. రాజస్థాన్‌లో సాగు విస్తారం. దక్షిణాన కర్నూలు పరిసరాల నల్లరేగడి నేలల్లో వర్షాధారంగా పండిస్తారు. గింజలో నూనె సాధారణంగా 2 నుంచి 4 శాతం వరకు వుంటుంది. అంటే క్వింటాలు గింజకు 2 నుంచి 4 కిలోల నూనె.

ఆ నూనెలో ముఖ్యమైనవి మూడు: థైమాల్, గామా టెర్పినీన్, పారా సైమీన్. తక్కినవి కొద్ది కొద్ది పాళ్లలో వుంటాయి. థైమాల్ చాలా మచ్చుల్లో 35 నుంచి 60 శాతం మధ్య కనిపిస్తుంది. రకం, నేల, కోత సమయం, బట్టీ పెట్టిన తీరు, నిల్వ వున్న కాలం, వీటన్నిటిని బట్టి యీ అంకె మారుతుంది. మొక్క గామా టెర్పినీన్ నుంచే థైమాల్‌ను తయారుచేసుకుంటుంది. కాబట్టి ఒకటి తగ్గిన మచ్చులో మరొకటి హెచ్చుగా కనబడటం సహజం.

థైమాల్ తెల్లని స్ఫటికం. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పచారీ దుకాణాల్లో వాము పువ్వు పేరుతో అమ్మేది యిదే. ఉత్తరాది బజారులో అజ్వాయిన్ కా ఫూల్ అని, సత్ అజ్వాయిన్ అని వ్యవహరిస్తారు. వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, కర్పూరం మూడూ గట్టి పదార్థాలే అయినా ఒకే సీసాలో కలిపితే నీరుకారి ద్రవమవుతాయి. అమృతధార తయారీకి ఆధారం యిదే. థైమాల్ తీసివేయగా మిగిలిన పలుచని నూనెను వర్తకంలో థైమీన్ అంటారు. దానికి సబ్బుల పరిమళంలో వాడకం వున్నది గాని, ధర విషయంలో అది అసలు నూనెకు సాటిరాదు.

యిక్కడ ఒక పేరు గురించి జాగ్రత్త అవసరం. ఇళ్లలో కుండీల్లో పెంచి బజ్జీలు వేసుకునే వాము ఆకు యీ మొక్క ఆకు కాదు. అది కర్పూరవల్లి, తులసి కుటుంబపు మొక్క. దాని నూనెలో కార్వక్రాల్ అనే పదార్థం ప్రధానంగా వుండటం కద్దు. కార్వక్రాల్, థైమాల్ ఒకే అణుభారం కలిగిన జంట పదార్థాలు. వాటి పని కూడ దగ్గర దగ్గరగానే వుంటుంది. కాని థైమాల్ గది వేడిమిలో గట్టిగా, కార్వక్రాల్ ద్రవంగా వుంటాయి. ఆర్డరులో వాము గింజ నూనె అని స్పష్టంగా వ్రాసుకోకపోతే తగాదాకు తావిచ్చినట్లే.

సూక్ష్మజీవులపై పనిచేసే తీరు

థైమాల్ ఫినాల్ వర్గానికి చెందినది. బాక్టీరియా కణం చుట్టూ వుండే కొవ్వు పొరలో అది యిమిడిపోయి ఆ పొరను వదులు చేస్తుంది. లోపల వుండవలసిన పొటాషియం వంటి లవణాలు బయటకు కారిపోతాయి. కణం శక్తిని కూడగట్టుకోలేక క్షీణిస్తుంది. బూజులపై, ఈస్టుపై కూడ పని యిటువంటిదే.

మందు నూనెలన్నిటికీ యీ సూత్రాన్ని అన్వయించి చూడవచ్చు. పరిశోధనల్లో సాధారణంగా కనబడే వరుస యిది: ఫినాల్ వర్గపు పదార్థాలు అధికంగా వున్న నూనెలు ముందుంటాయి. వాము నూనెలో థైమాల్, లవంగ నూనెలో యూజినాల్ యీ కోవలోనివి. వాటి తర్వాత ఆల్డిహైడ్ వర్గం. నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్, దాల్చినచెక్క నూనెలోని సిన్నమాల్డిహైడ్ యిందుకు ఉదాహరణలు. ఆ తర్వాత ఆల్కహాల్ వర్గం. నీలగిరి తైలంలోని సినియోల్ వంటివి వీటికి వెనుక. వట్టి హైడ్రోకార్బన్లు చిట్టచివర. వాము నూనెలోని గామా టెర్పినీన్, పారా సైమీన్ యీ ఆఖరి వర్గానివి. అవి విడిగా పెద్దగా పనిచేయవు. పారా సైమీన్ మాత్రం కణపు పొరను ఉబ్బించి తోటి ఫినాల్ లోనికి చొరబడటానికి సహాయపడుతుందని కొన్ని పరిశోధనల్లో తేలింది. అయినా బలమంతా ఫినాల్‌దే. అందుచేత 55 శాతం థైమాల్ వున్న డ్రమ్మునూ, 38 శాతం వున్న డ్రమ్మునూ ఒకే ధరకు కొనమంటే తెలిసిన కంపెనీ ఒప్పుకోదు.

అన్ని సూక్ష్మజీవులూ ఒకే తీరుగా లొంగవు. చీము పట్టించే స్టెఫిలోకాకస్ వంటివి త్వరగా లొంగుతాయి. ఇ. కొలై వంటి వాటికి కణం చుట్టూ అదనంగా మరొక పొర వుండటం చేత హెచ్చు మోతాదు కావలసిరావచ్చు. సూడోమోనాస్ అన్నిటికన్న మొండిది.

పరీక్ష కాగితం చదవడంలో మెళకువలు

నూనెతో పాటు కొందరు అమ్మకందార్లు సూక్ష్మజీవుల పరీక్ష ఫలితం కూడ జతచేస్తారు. యీ పరీక్షలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది: సూక్ష్మజీవులను పెంచిన గాజు పళ్లెంలో నూనె తడిపిన కాగితపు బిళ్లను వుంచి, దాని చుట్టూ పెరుగుదల లేని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. రెండవది: పోషక ద్రవంలో నూనెను రెట్టింపు పలుచన చేసుకుంటూ పోయి, పెరుగుదలను ఆపగలిగిన కనిష్ఠ మోతాదును కనుగొంటారు.

వలయం చూడటానికి ఆకర్షణీయంగా వున్నా, బేరానికి అంత నమ్మదగినది కాదు. నూనె నీటిలో కలవదు, పైగా ఆవిరైపోతుంది. బిళ్ల మీద ఎంత నూనె వేశారు, పళ్లెంలో జెల్లీ ఎంత మందం, మూత ఎంత బిగువు అన్న వాటిని బట్టి అంకె మారిపోతుంది. ఒక ప్రయోగశాల చెప్పిన 20 మిల్లీమీటర్లు, మరొకటి చెప్పిన 20 మిల్లీమీటర్లు ఒకటే అనుకోరాదు. కనిష్ఠ మోతాదు పరీక్ష యింతకన్న మేలు. ఏ సూక్ష్మజీవి మీద, ఏ ద్రవంలో, నూనెను దేనితో కలిపి పరీక్షించారో అందులో వ్రాసి వుండాలి. యివి లేని కాగితానికి విలువ లేదు.

మరొక ముఖ్యమైన మాట. వాము నూనె సూక్ష్మజీవులను అణచుతుందంటే అది యాంటిబయోటిక్‌తో సమానమని అర్థం కాదు. లొంగే బాక్టీరియాపై పెన్సిలిన్ వంటి మందు మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాములో కొద్ది భాగంతోనే పనిచేస్తుంది. థైమాల్‌కు వందల మైక్రోగ్రాములు కావాలి. కొవ్వు, మాంసకృత్తులు వున్న పదార్థంలో కలిపితే దాని శక్తి యింకా తగ్గుతుంది. అందువల్ల దాని వాడకం పుక్కిలించే మందుల్లో, పైపూతల్లో, ఉపరితలాలను శుభ్రం చేసే ద్రవాల్లో, పశువుల దాణాలో కనబడుతున్నది. 1879లో అమెరికాలో రూపొందిన లిస్టరిన్‌లో థైమాల్ పాలు 0.064 శాతం మాత్రమే. సినియోల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ దానికి తోడుగా వున్నవి. సీసా మీద జబ్బులు నయమవుతాయని వ్రాసుకునే ముందు 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టాన్ని వర్తకులు గుర్తు చేసుకోవడం మంచిది.

గింజ బేరం, థైమాల్ లెక్క

బట్టీకి గింజ కొనేవారికి నూనె శాతం ఒక్కటే చాలదు. ఉదాహరణకు మూడు లాట్లు తీసుకుందాం. మొదటి దానిలో నూనె 3.2 శాతం, ఆ నూనెలో థైమాల్ 38 శాతం. క్వింటాలుకు వచ్చే థైమాల్ 1.216 కిలోలు. రెండవ దానిలో నూనె 3 శాతం, థైమాల్ 45 శాతం. వచ్చేది 1.35 కిలోలు. మూడవ దానిలో నూనె 2.5 శాతమే, కాని థైమాల్ 55 శాతం. వచ్చేది 1.375 కిలోలు. నూనె తక్కువ వున్న మూడవ లాటు థైమాల్ లెక్కన ముందుకు వచ్చింది. నూనె శాతాన్ని మాత్రమే చూసినవారు మొదటి లాటుకు హెచ్చు ధర పెట్టి వుండేవారు.

బట్టీలో కూడ నష్టం జరగవచ్చు. గింజను దంచకుండా వేస్తే నూనె పూర్తిగా రాదు. దంచి నిల్వ వుంచితే ఆవిరైపోతుంది. కాబట్టి దంచిన వెంటనే బట్టీలో వేయాలి. గామా టెర్పినీన్, పారా సైమీన్ 185 డిగ్రీల లోపల మరిగేవి. థైమాల్ సుమారు 233 డిగ్రీల వద్ద మరుగుతుంది. అందువల్ల తేలిక పదార్థాలు ముందుగానూ, థైమాల్‌లో హెచ్చు భాగం ఆలస్యంగానూ వస్తాయి. వంటచెరకు ఆదా అవుతుందని బట్టీని త్వరగా దించితే విలువైన భాగం పిప్పిలోనే మిగిలిపోతుంది. చల్లబరచే గొట్టంలో నీరు మరీ చల్లగా వుంటే థైమాల్ అందులోనే గడ్డకట్టే ప్రమాదం వున్నది. నూనెతో దిగే నీటిలోనూ కొంత థైమాల్ కరిగి వుంటుంది. ఆ నీటిని పారబోయక తర్వాతి బట్టీకి వాడుకోవచ్చు. ఓమం వాటర్ పేర సీసాల్లో అమ్మే వాము నీరు యీ తరగతి సరుకే.

మచ్చు తీయడంలో పొరపాట్లు

వాము నూనెలో మచ్చు తగాదాలకు ఒక ప్రత్యేక కారణం వున్నది. థైమాల్ హెచ్చుగా వున్న నూనె చలికాలంలో డ్రమ్ము అడుగున పలుకులు కడుతుంది. పైన తేలిన నూనె నుంచి మచ్చు తీస్తే థైమాల్ తక్కువగా చూపుతుంది. అమ్మినవారికి అన్యాయం. అడుగు నుంచి తీస్తే హెచ్చుగా చూపుతుంది. కొన్నవారికి అన్యాయం. డ్రమ్మును వేడి నీళ్ల తొట్టిలో వుంచి, పలుకులు పూర్తిగా కరిగిన తర్వాత బాగా కలియబెట్టి, ఉభయుల సమక్షంలో మూడు మచ్చులు తీసి సీలు చేయడం న్యాయమైన పద్ధతి. ఒకటి అమ్మినవారికి, ఒకటి కొన్నవారికి, ఒకటి తగాదా వస్తే మూడో ప్రయోగశాలకు.

నిల్వ విషయంలోనూ శ్రద్ధ అవసరం. ఇనుము తగిలితే ఫినాల్ నూనెలు నల్లబడతాయి. గాలి తగిలితే గామా టెర్పినీన్ క్రమంగా పారా సైమీన్‌గా మారుతుంది. సైమీన్ బాగా హెచ్చి, టెర్పినీన్ బాగా తగ్గిన కాగితం కనబడితే సరుకు పాతదనో, సైమీన్ కలిపినదనో అనుమానించాలి. అల్యూమినియం పాత్రలు, రంగు గాజు సీసాలు, నిండుగా నింపి బిగించిన మూతలు మేలు.

పాత బజార్లలో వాడుకలో వున్న పరీక్ష ఒకటి యిప్పటికీ పనికివస్తుంది. పొడవాటి మెడపై గీతలున్న సీసాలో 10 మిల్లీలీటర్ల నూనె పోసి, పలుచని క్షార జలం కలిపి గిలకరిస్తారు. ఫినాల్ భాగం క్షారంలో కరిగిపోతుంది. మిగిలిన నూనె మెడలోకి తేలుతుంది. 5.5 మిల్లీలీటర్లు మిగిలితే ఫినాల్ 45 శాతమని లెక్క. యీ పరీక్ష చౌక, త్వరితం. అయితే కలిసినది థైమాలో, కార్వక్రాలో, మరే చౌక ఫినాలో చెప్పలేదు. అందుకు గ్యాస్ క్రొమటోగ్రఫీ కాగితమే శరణ్యం.

కల్తీ మూడు రకాలుగా జరగవచ్చు. వాము పువ్వు తీసివేసిన నూనెను అసలు నూనెలో కలపడం ఒకటి. నాసి నూనెలో కృత్రిమ థైమాల్ పోసి శాతం పెంచడం రెండవది. బట్టీలో నూనె తీసిన గింజను ఎండబెట్టి మంచి గింజలో కలపడం మూడవది. యిటువంటి గింజ ముడుచుకుపోయి, నలిపితే వాసన మందంగా వుంటుంది. యీ ఒక్క విషయంలో మాత్రం యార్డు ఖరీదుదారుని అరచేయి యంత్రానికి తీసిపోదు.

వెనుకటి దెబ్బ, దాని పాఠం

థైమాల్ శాతమే ధరను నడిపితే ఏమి జరుగుతుందో వాము వర్తకం వెనుక ఒకసారి చూసింది. 1914కు ముందు మన దేశపు వాము గింజ ముఖ్యంగా జర్మనీకి ఓడలెక్కేది. అక్కడి కర్మాగారాలు నూనె తీసి, థైమాల్ తయారుచేసి ప్రపంచానికి అమ్మేవి. ఆ రోజుల్లో కొంకిపురుగు వ్యాధికి థైమాల్ ముఖ్యమైన మందు. 1909 నుంచి 1914 వరకు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ కమిషన్ నడిపిన చికిత్సలో వాడినది అదే. యుద్ధం రాగానే జర్మనీ దారి మూసుకుపోయింది. థైమాల్ కరువైంది. గింజ మన దగ్గర, పరిశ్రమ వారి దగ్గర వుండటంలోని నష్టం అప్పుడు తెలిసివచ్చింది. మన దేశంలోనే తయారుచేసే ప్రయత్నాలు మొదలైనవి.

ఆ అవకాశం ఎక్కువ కాలం నిలువలేదు. 1921లో మారిస్ హాల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కొంకిపురుగుకు కార్బన్ టెట్రాక్లోరైడ్ పనిచేస్తుందని ప్రకటించాడు. థైమాల్ వాడకం ఆ వైపు తగ్గింది. యింతలో మెటా క్రెసాల్ నుంచి థైమాల్‌ను కృత్రిమంగా తయారుచేసే పద్ధతి పరిశ్రమలో స్థిరపడింది. అణువు అదే, పని అదే, ధర తక్కువ. గింజ నుంచి తీసిన థైమాల్ దానితో పోటీపడలేకపోయింది.

యిప్పటి గిరాకిలో తేడా

ఇటీవలి దశాబ్దాల్లో గిరాకి మరొక దిక్కు నుంచి వచ్చింది. పశువులు, కోళ్లు త్వరగా పెరగడానికి దాణాలో యాంటిబయోటిక్కులు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మన దేశంలో ఆహారానికి పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. ప్రత్యామ్నాయాల కోసం వెదికిన దాణా తయారీదార్ల దృష్టి థైమాల్, కార్వక్రాల్ కలిగిన నూనెలపై పడింది. థైమ్, ఒరెగానో నూనెలు యీ రంగంలో వాముకు గట్టి పోటీదార్లు. తేనెటీగలకు పట్టే వరోవా పేలు నివారణకు కూడ థైమాల్ వాడుతున్నారు.

యీ ఖరీదుదార్లలో కొందరు మొక్క నుంచి వచ్చినదే కావాలని షరతు పెట్టి, అందుకు అదనపు ధర చెల్లిస్తారు. వారిని మోసగించడం యిదివరకటి వలె సులభం కాదు. మొక్కలో పుట్టిన పదార్థంలో కార్బన్ 14 అతి స్వల్పంగానైనా వుంటుంది. పెట్రోలియం నుంచి, బొగ్గు తారు నుంచి తయారైన దానిలో అది వుండదు. ఆ పరీక్ష చేసే ప్రయోగశాలలు వున్నవి. ఒక్క డ్రమ్ములో కృత్రిమ థైమాల్ బయటపడితే, ఆ ఒక్క వర్తకునితో ఆగక, ఆ బజారు నుంచి వచ్చే సరుకంతటికీ అనుమానం అంటుకుంటుంది.

కనుక వాము వర్తకులకు యీనాడు దారి స్పష్టం. వట్టి థైమాల్‌గా అమ్మితే కర్మాగారపు ధరతో తలపడాలి. శాతం తెలిసిన, కల్తీ లేని, ఏ యార్డులో ఏ నెలలో కొన్న గింజో చెప్పగలిగిన నూనెగా అమ్మితే కర్మాగారం దానికి పోటీ కాదు. అందుకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. లాట్లను కలగాపులగం చేయకుండా విడిగా వుంచడం, ప్రతి లాటుకూ నూనె శాతం, థైమాల్ శాతం రెండూ తీయించడం, కలియబెట్టిన డ్రమ్ము నుంచి మచ్చు తీయడం, ఆ కాగితాన్ని బిల్లుతో పాటు పంపడం చాలు. థైమాల్ హెచ్చుగా తేలిన లాటు ఏ రైతు పొలం నుంచి వచ్చిందో గుర్తించి, ఆ రైతుకు క్వింటాలుకు కొంత అదనంగా చెల్లించే ఆనవాయితీ మొదలైతే, మరుసటి ఏడు మేలురకం విత్తనం దానంతట అదే యార్డుకు నడిచివస్తుంది.